గోరింటాకు పెట్టుకున్న క్యాచర్

పోయిన వారం మా అపార్ట్‌మెంట్ లాండ్రీ రూమ్‌లో ఎవరో హాకీ సంచీ జిప్పు తీసి అలాగే వదిలేసి వెళ్ళారు. తలుపు తియ్యగానే తడి తోలు, ఎండిన చెమట, ముక్కిపోయిన సాక్సులు అన్నీ కలిసిన వాసన గుప్పుమంది. బట్టల బుట్ట ఎత్తుకుని వచ్చినదాన్ని వచ్చినట్టే వెనక్కి వెళ్ళిపోయాను. షామ్‌బర్గ్‌లోని నా గదిలో కిటికీలన్నీ తెరిచి కూర్చున్నా అది ముక్కును వదల్లేదు, ఎందుకంటే ఆ వాసన ఈ ఊరిది కాదు. నా చిన్నప్పుడు మిషిగన్‌లో మా గరాజ్‌లో ఒక వేసవంతా కాపురమున్న వాసన అది.

మాది డెట్రాయిట్‌కి దూరంగా, కార్ల సీట్లు తయారుచేసే కంపెనీ చుట్టూ అల్లుకున్న చిన్న ఊరు. జూన్ వచ్చిందంటే రాత్రి తొమ్మిదిదాకా వెలుతురు, పెరట్లో మిణుగురులు, రోడ్డు పక్క బల్లల మీద చెర్రీలు, మెక్సికన్ కొట్లో పుల్లటి మామిడికాయలు దొరికినప్పుడల్లా అమ్మ పెట్టే ఆవకాయ, ఊరవతల మైదానం నుంచి బేస్‌బాల్ బ్యాట్ల చప్పుడు. ఆ ఊరి టీమ్ చాలా చిన్నది. ఆటగాళ్ళకిచ్చే జీతం అద్దెకు చాలదు కాబట్టి సీజన్ నడిచినన్నాళ్ళూ వాళ్ళని ఊళ్ళోవాళ్ళు తలా ఒకరిని ఇంట్లో పెట్టుకోవటం అక్కడి ఆచారం. పక్కింటి లిండా ఆంటీ అడిగితే కాదనలేక, బేస్‌బాల్ అంటే ఏమిటో తెలియని మా నాన్న సరేనన్నాడు. అలా వచ్చాడు కోడీ.

మొదట్లో నాకు అతనంటే రోతగా ఉండేది. మోకాళ్ళ కవచాలు, ఛాతీ మీది మెత్త, ముఖానికి పెట్టుకునే ఇనప చట్రం తెచ్చి గరాజ్‌లో నా సైకిల్ మీద ఆరేసేవాడు. పొద్దుతిరుగుడు గింజలు నమిలి ఆ పొట్టు అమ్మ పెంచుకునే కరివేపాకు కుండీలో ఊసేవాడు. పొగాకు ఉమ్మిన కాగితం గ్లాసు ఒకటి ఫ్రిజ్ మీద, ఆవకాయ జాడీ పక్కన మరిచిపోయేవాడు. అది చూసిన రోజు నేను అన్నం మానేశాను. తెల్లవాడి ముందు ఏమీ అనలేని అమ్మ ఆ గ్లాసుని రెండు వేళ్ళతో పట్టుకుని చెత్తబుట్టలో పడేసి, చేతులు సబ్బుతో మళ్ళీ మళ్ళీ కడుక్కునేది. అతను మాత్రం ఇవేమీ గమనించకుండా, పెరుగన్నంలో ఆవకాయ కలుపుకుని, కళ్ళ నీళ్ళు కారుతుంటే తుడుచుకుంటూ, మారు వడ్డించుకునేవాడు.

క్యాచర్ అంటే క్రికెట్‌లో వికెట్ కీపర్ లాంటివాడు, ఆటంతా గొంతుక్కూర్చునే ఉండాలి. కోడీ రెండో క్యాచర్, అంటే మొదటి క్యాచర్ అలసిపోకుండా ఉండటానికి పెట్టుకున్న మనిషి. ఏ ఊరి టీమ్‌లో చేరినా, ముప్పై దగ్గర పడుతున్నా, అతను అదే. ఆట జరుగుతుంటే బుల్‌పెన్‌లో, అంటే మైదానం పక్కన కంచె వేసిన సందులో, బౌలర్ల లాంటి పిచర్లు వార్మప్ కోసం విసిరే బంతులు పట్టటం అతని పని. ఆ బంతులు తగిలి తగిలి కుడిచేతి వేళ్ళు అల్లం కొమ్ముల్లా వంకర్లు పోయాయి. ఒక్క ఆట మొదటినుంచి చివరిదాకా ఆడితే, చూడటానికి వచ్చిపోయే పెద్ద టీమ్ మనుషుల్లో ఎవరి కంటికైనా ఆనతానని, అదీ ఈ వేసవిలో కాకపోతే ఇక లేదని నాన్నతో అంటుండేవాడు. నాన్న దాన్ని వీసా కోసం ఎదురుచూడటంలా అర్థం చేసుకుని, అతనికోసం దేవుడి దగ్గర ఒక అగరొత్తి ఎక్కువ వెలిగించేవాడు.

ఏ బంతి విసరాలో పిచర్‌కి క్యాచర్ వేళ్ళతోనే చెప్పాలి. సందెచీకట్లో వేళ్ళు కనబడాలని కోడీ గోళ్ళకి తెల్ల రంగు వేసుకునేవాడు, అది బంతి తగిలినప్పుడల్లా పెచ్చులూడేది. ఆషాఢం వచ్చింది. చలికాలమంతా ఇంట్లో పెట్టి బతికించుకున్న కుండీలోని గోరింటాకు కోసి, చింతపండు వేసి మిక్సీలో రుబ్బుతూ, అమ్మకు ఒక ఆలోచన వచ్చింది. ఇదైతే పెచ్చులూడదు కదా అంది. ఆట లేని సోమవారం నాడు అతని కుడిచేతి వేళ్ళకి టోపీలు పెట్టింది, నా వేళ్ళకి పెట్టినట్టే. వేళ్ళు విడదీసుకుని వరండాలో మేమిద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ముక్కు మీద దోమ వాలితే తోలుకోలేక అతను ఊదుకుంటుంటే నేను నవ్వాను. అతనితో నా స్నేహం అంతే, ఆ ఒక్క నవ్వు.

బాగా పండింది. అదే వచ్చిన చిక్కు. ఎండకు మాడిన ఆ చేతి మీద ఎరుపు మరింత నల్లగా దిగిందేగానీ వెలగలేదు, అది మాలో ఎవరికీ తట్టలేదు. ఆ వారమే ఒక సాయంత్రం మొదటి క్యాచర్‌కి చిన్న దెబ్బ తగిలితే కోడీ హడావుడిగా దిగాడు, అమ్మ గోరింటాకుని నమ్ముకుని తెల్ల రంగు వేసుకోకుండా. పిచర్‌కి వేళ్ళు ఆనలేదు. కోడీ ఒకటడిగితే అతను ఇంకొకటి విసిరాడు. బంతి కోడీని దాటి వెనక నిలబడ్డ అంపైర్ భుజానికి తగిలింది, ఆట పోయింది. టీమ్ మేనేజర్ కోడీ చెయ్యి పట్టుకుని పైకెత్తి, చూడండి పెళ్ళికూతురిని అన్నాడట.

టికెట్లు అమ్మే బ్రాడ్ అనేవాడికి ఆ మాట తెగ నచ్చింది. మర్నాడే మా ఇంటికొచ్చి సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చుని, ఆదివారం ఇండియా డే చేద్దాం, మీవాళ్ళందరినీ తీసుకురండి, కోడీనే మొదటినుంచి ఆడిస్తాం అన్నాడు. శనివారం రాత్రి ఆడిన క్యాచర్‌కి ఆదివారం పగలు విశ్రాంతినివ్వటం ఆ ఆటలో ఎలాగూ ఆనవాయితీ, కాబట్టి నమ్మాం. నాన్న ఫార్మింగ్టన్ హిల్స్ దాకా ఫోన్లు చేసి అందరినీ పిలిచాడు. పులిహోర, గారెలు, మజ్జిగ సీసాలతో వ్యాన్లలో వచ్చారు.

తీరా చూస్తే ఆడుతున్నది మొదటి క్యాచరే. మధ్య విరామంలో సినిమా పాట పెట్టారు. మెరుపుల ఎర్ర లంగా, మొహాన ముసుగు, చేతికి గాజులతో కోడీని మైదానంలోకి తోశారు. డాన్స్ చేస్తే ఆ తర్వాత ఆట నీదే అని బ్రాడ్ అన్నాడని తర్వాత తెలిసింది. అతనికి నాట్యం రాదు, గొంతుక్కూర్చుని లేచే మోకాళ్ళతో ఏదో గెంతాడు. తెల్లవాళ్ళు నవ్వారు సరే, మావాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. నాన్న స్నేహితుడు శేఖర్ అంకుల్ కంచె దగ్గరకి పోయి, రికార్డింగ్ డాన్సులో విసిరినట్టు డాలర్ నోట్లు విసురుతూ ఈల వేశాడు. ఆయన నోట్లో గారె ముక్క ఇంకా ఉంది.

పాట ఆగగానే కోడీ పరుగున మేనేజర్ దగ్గరకి వెళ్ళాడు. మేనేజర్ తలెత్తకుండా బుల్‌పెన్ వైపు వేలు చూపించాడు. పిచర్‌కి వార్మప్ కావాలి, బట్టలు మార్చుకునే టైమ్ లేదు. కోడీ లంగా మీదే ఛాతీ కవచం కట్టుకుని, ముసుగు లాగేసి ఇనప చట్రం తగిలించుకుని, ఆ సందులో గొంతుక్కూర్చుని బంతులు పట్టటం మొదలుపెట్టాడు. ఒక్కటి కూడా జారనివ్వలేదు. బంతి పట్టినప్పుడల్లా గాజులు గలగలమంటే జనం మళ్ళీ నవ్వారు. పెద్ద టీమ్ మనిషి ఎవరైనా వచ్చాడో లేదో తెలియదు. వచ్చినా చూసింది అదే.

అమ్మ లేచింది. నలుగురిలో నోరెత్తని మనిషి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని మెట్లు దిగి, కంచె సందుల్లోంచి చెయ్యి పెట్టి నోట్లన్నీ ఏరి, అప్పటికి వచ్చి కూర్చున్న శేఖర్ అంకుల్ ఒళ్ళో పెట్టింది.

"మీవి కింద పడిపోయాయి అన్నయ్యగారూ."

"అబ్బ, సరదాకి చెల్లెమ్మా. వాడేం ఫీలవడు."

"మేం బయల్దేరుతున్నాం. గారెల గిన్నె నాది, ఇటివ్వండి," అంది అమ్మ.

ఆగస్టు చివర అతన్ని టీమ్‌లోంచి తీసేశారు. ఇంకో టీమ్ పిలవలేదని, ఒహాయోలో బావమరిది దగ్గర ఇళ్ళ పైకప్పులు వేసే పనికి పోతున్నానని చెప్పి, గరాజ్ తనే కడిగి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు చెయ్యి ఊపితే గోళ్ళ చివర సన్నటి ఎర్రటి నెలవంకలు మిగిలున్నాయి. ఆ వాసన మాత్రం మంచు పడేదాకా పోలేదు.

ఆ మైదానం ఉన్నచోట ఇప్పుడు గోదాములు లేచాయి. లిండా ఆంటీ లేదు, ఆటగాళ్ళని ఇళ్ళల్లో పెట్టుకునే ఆచారమూ ఆ ఊళ్ళో లేదు. పెద్ద ఆటల్లో క్యాచర్ మీట నొక్కితే పిచర్ చెవిలో మాట వినబడుతుంది, గోళ్ళకి రంగు వేసుకునే అవసరమే పోయింది. ఆషాఢంలో అమ్మ గోరింటాకు పెడతానంటే నేను ఎడమచెయ్యి ఒక్కటే ఇస్తాను, కోడీకి పండింది కుడిచేతికి.

ఈమధ్య ఒక పెళ్ళిలో శేఖర్ అంకుల్ నా పక్క కుర్చీలో కూర్చుని, ప్లేట్ ఒళ్ళో పెట్టుకుని, ఆ ఆదివారం కథ కొత్తవాళ్ళకి చెప్తున్నాడు. లంగా ఇంకా మెరిసింది, గెంతులు ఇంకా పెరిగాయి. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతుంటే నా వైపు తిరిగాడు.

"మీ ఇంట్లోనే ఉండేవాడుగా అమ్మా, ఆ డాన్సర్, వాడి పేరేంటి?"

పెద్దవాళ్ళ మధ్య నేనెప్పుడూ మాట్లాడను. ఆయన మూతికంటిన నెయ్యి చూస్తూ అన్నాను.

"క్యాచర్, అంకుల్."