చెల్లెల్ని చంపిన పురుగు

పరిశోధనశాలలో ఆవిడను అందరూ అక్కా అనే పిలిచేవారు. మలేరియా పురుగుల్ని సీసాల్లో పెంచి, వాటి మీద కొత్త మందులు పరీక్షించడం ఆవిడ పని. మనిషి రక్తం కలిపిన ద్రవంలోనే అవి బతుకుతాయి. రోజూ పాత ద్రవం తీసేసి కొత్తది పొయ్యాలి. అందుకే ఆవిడకు ఆదివారాలు లేవు.

"నీ పిల్లలకు పాలు పట్టొచ్చావా?" అని చెల్లెలు ఏడిపించేది.

ఆ చెల్లెలికే మలేరియా జ్వరం పట్టుకుంది. ఆసుపత్రిలో ఏ మందుకూ దిగలేదు. మందులకు లొంగని రకమేమో చూద్దామని అక్కే సూది గుచ్చి రక్తం తీసింది.

"నన్నూ సీసాలో వేస్తావా ఏంటే?" చెల్లెలు నవ్వబోయింది.

"నోర్మూసుకుని పడుకో."

ఆమెతో అక్క మాట్లాడిన ఆఖరి మాట అదే. ఆ సాయంత్రమే స్పృహ తప్పింది, మూడో రోజుకు పోయింది. చెల్లెలి ఆరేళ్ల కూతుర్ని అక్క తన ఇంటికి తెచ్చుకుంది.

తిరిగి పనిలోకి వచ్చేసరికి చెల్లెలి రక్తంలోని పురుగులు సీసాలో ఏపుగా పెరుగుతున్నాయి. పరిశోధనశాల నడిపే పెద్ద డాక్టరమ్మ ఇబ్బందిగా చూసింది.

"ఈ సీసా ఇంకొకరికి అప్పగిస్తానమ్మా."

"వద్దండీ. దీని అంతు నేనే చూస్తా."

పదకొండేళ్లు చూసింది. వందల మందులు వేసింది. సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టిన ప్రతిసారీ ఆ పురుగులు నిక్షేపంగా కనిపించేవి. ఒక శుక్రవారం మాత్రం అవి ముడుచుకుపోయి నల్లటి చుక్కల్లా మిగిలాయి. నాలుగు గాజు పలకలు చూసింది. నాలుగింటిలోనూ అంతే. బాత్‌రూమ్‌లోకి వెళ్లి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో వెక్కి వెక్కి ఏడ్చింది.

తర్వాత ఆ మందును మలేరియా ఎక్కించిన ఎలుకలకు ఇచ్చారు. పురుగులు చచ్చాయి కానీ ఎలుకల కాలేయాలు పాడైపోయాయి. దస్త్రం మూసేశారు.

ఆ రోజు ఇంటికొచ్చేసరికి చెల్లెలి కూతురు గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏమైంది పెద్దమ్మా? మందు పనికొస్తుందా?"

"రాదే."

ఆ పిల్ల పెద్దమ్మ చేతిలోని సంచీ అందుకుంది.

మరో నాలుగేళ్లకు అక్క ఉద్యోగ విరమణ చేసింది. అప్పటికీ మందు దొరకలేదు. చివరి రోజున, కొత్తగా చేరిన అమ్మాయికి ఆ సీసా అప్పగిస్తూ పని చూపించింది.

"చల్లటి ద్రవం పొయ్యకమ్మా, గోరువెచ్చగా చెయ్యి. లేకపోతే పాపం..."

అని, తను ఎవరి గురించి పాపం అంటోందో తట్టి, మాట మధ్యలోనే ఆపేసింది.