అట్ట మీద లేని పేరు

మొన్న విజయనగరంలో ఒక సెమినార్‌కి వెళితే, పేరు నమోదు చేసుకోగానే చేతిలో కొత్త గోనెగుడ్డ సంచీ ఒకటి పెట్టారు. కొత్త గోనెకు ఒక వాసన ఉంటుంది. పచ్చి నార, మిల్లు నూనె కలిసిన ఘాటు. అది ముక్కుకు తగలగానే ముందు మా నాన్న చొక్కా గుర్తొచ్చింది, ఆ వెంటనే సింహాద్రమ్మ మేడమ్ గుర్తొచ్చారు. వేదిక మీద ఒక పెద్దమనిషి పొరుగు దేశాలతో మన మైత్రి గురించి గంటసేపు మాట్లాడాడు. ఆ హాలుకు కూతవేటు దూరంలో తాళాలు పడిన జూట్ మిల్లుల గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. మేడమ్ ఉంటే లేచి నిలబడి అడిగేవారు. ఆవిడ లేరు. నేను లేచేలోపు టీ విరామం ప్రకటించేశారు. ఆ మంట ఇంకా చల్లారలేదు, ఆ మంటతోనే ఇది రాస్తున్నాను.

సింహాద్రమ్మ మేడమ్ మాకు యూనివర్సిటీలో అంతర్జాతీయ సంబంధాలు చెప్పేవారు. పాతపట్నం దగ్గర పల్లెటూరు ఆవిడది, వరి పండించుకునే ఇల్లు. మేనత్తను ఒడిశా వైపు ఇచ్చారు. పొలాల మీదుగా నడిచి అత్త ఇంటికి వెళ్తుంటే బోర్డుల మీద లిపి మారిపోయేదని, ధాన్యం ధర మారిపోయేదని, మనుషులు మాత్రం మారేవారు కాదని, సరిహద్దంటే ఏమిటో తనకు అక్కడే మొదట తెలిసిందని చెప్పేవారు. పొట్టి మనిషి, నూలు చీర, భుజాన బరువైన సంచీ, వరండా చివరిదాకా వినపడే గొంతు. డాక్టరేట్ ఉంది, పుస్తకం ఉంది, విద్యార్థుల్లో పేరుంది. ఉద్యోగం మాత్రం కాంట్రాక్టు. ఏటా వేసవికి తీసేసి, క్లాసులు మొదలయ్యాక మళ్లీ తీసుకునేవారు. నేను చేరేనాటికే ఆవిడ జుట్టు సగం నెరిసింది. అంతర్జాతీయ న్యాయం పేపరు ఆవిడ చేతే చెప్పించేవారు, ఆవిడకు జరుగుతున్న అన్యాయం మాత్రం ఎవరి సిలబస్‌లోనూ ఉండేది కాదు. ఇందులో వింతేమీ లేనట్టు అందరూ రోజూ ఆవిడకు నమస్కారం పెట్టి వెళ్లిపోయేవారు.

మాది బొబ్బిలి వైపు. నాన్న జూట్ మిల్లులో పనిచేసేవాడు. నేను పదో తరగతిలో ఉండగా మిల్లు మూసేశారు. ఆ గోనె వాసనకు, ఆ బాధలకు ఎంత దూరం పోతే అంత మంచిదని, పెద్ద పెద్ద దేశాల సంగతులు చదువుకుందామని ఎం.ఏ.లో చేరాను. మొదటి సెమినార్‌లో ఒక వ్యాపార ఒప్పందం గురించి ఇంగ్లీషులో గడగడా చదివేశాను. క్లాసు చప్పట్లు కొట్టింది. మేడమ్ కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. కోపం వచ్చినా ప్రేమ వచ్చినా ఆవిడ నోట మా ప్రాంతపు మాటే వచ్చేది.

"బాగా సదివావు. ఇప్పుడు సెప్పు పైడీ, ఈ ఒప్పందం ఏ స్టాపులో దిగుతాది?"

స్టాపేమిటా అని ఆవిడ వైపు చూశాను.

"అలగ సూస్తావేటి? రెండు దేశాలు సంతకాలు పెట్టాయి. ఆ సంతకం బస్సెక్కింది. బొబ్బిలిలో దిగుతాదా, పలాసలో దిగుతాదా? ఎవులింటికెళ్తాది? ఎల్లి ఏటి పట్టుకుపోతాది?"

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. మీ నాన్న ఏం చేస్తారని అడిగారు. మిల్లు మూసేశారని, ఇప్పుడు ఖాళీ అని, నష్టం వచ్చిందట అని నసిగాను. "నష్టం దానంతటది నడిసి వస్తాదేటి? ఎవులు తెచ్చారో కనుక్కోవా?" అన్నారు. ఆ రాత్రి హాస్టల్లో ఆవిడ మీద పీకల దాకా కోపం వచ్చింది. నేను దాచుకున్న దాన్ని పదిమందిలో బయటికి లాగారని కోపం. తెల్లారేసరికి ఆ ప్రశ్న నాదైపోయింది.

అలా నా పీహెచ్‌డీ విషయం కుదిరింది. బంగ్లాదేశ్ నుంచి చౌకగా వచ్చే నారకూ, మా వైపు రైతులు నార కోసం గోగు వేయడం మానుకోవడానికీ, మిల్లుల తాళాలకూ సంబంధం ఏమిటి, ఆ సంబంధాన్ని ఎవరు ఏ గదిలో కూర్చుని నిర్ణయించారు అన్నది. రీసెర్చ్ కమిటీలో మా డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్ గారు నా కాగితాలు తిరగేసి, "ఇది మన సబ్జెక్టు కాదమ్మా, కామర్స్ వాళ్లు చూసుకుంటారు. చైనా మీద చెయ్యి, గిరాకీ ఉంది" అన్నారు. అక్కడే ఉన్న మేడమ్ ఊరుకోలేదు. "ప్రపంచం వచ్చి మా పొలం గట్టు మీద కూసుంటే అది కామర్స్ ఎలగవుతాది సార్?" అన్నారు. ఒక సభ్యుడు ఆవిడ యాస పట్టుకుని "కూసుంటే, కూసుంటే" అని పక్కాయన చెవిలో అని నవ్వాడు. నా ఒళ్లు మండిపోయింది. ఆవిడ మాత్రం విననట్టే మరో అరగంట వాదించి విషయాన్ని ఒప్పించారు. ఆ తర్వాత గైడ్ పేరు దగ్గరికి వచ్చేసరికి, కాంట్రాక్టు వాళ్లకు గైడ్‌గా ఉండే అర్హత లేదన్నారు. నా థీసిస్ అట్ట మీద గైడ్‌గా ప్రొఫెసర్ గారి పేరు ఖాయమైంది. ఆ విషయమే పనికిరాదన్న మనిషి పేరు!

తర్వాతి సంవత్సరాల్లో ఆయన నా అధ్యాయాలను బీరువాలో పెట్టేవారు, మేడమ్ చదివేవారు. ఒక్కో పేజీ నాలుగైదు సార్లు తిప్పి రాయించేవారు. ఫీల్డ్‌వర్క్‌కు నాతోపాటు బస్సెక్కి వచ్చేవారు. ఒకసారి మిల్లు గేటు దగ్గర నాన్న స్నేహితుడు అప్పలస్వామి మామ, "ఆ బంగ్లాదేశోళ్లే మా కూడు కొట్టేసారు, రాసుకో" అన్నాడు. నేను రాసుకుంటున్నాను. మేడమ్ నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"అన్నా, ఆళ్లూ నడుం లోతు నీళ్లల్లో నిలబడి నార ఒలుసుకున్నోళ్లే కదా. ఆళ్లకేటి మిగిలిందో మనకి తెల్దు."

"అయితే మీరెవులి పక్కమ్మా?" అన్నాడు మామ, కోపంగానే.

"ఈ గేటు తాళం ఎవులి జేబులో ఉన్నాదో, ఆడి పక్క మాత్రం కాదు" అన్నారు. మామ కాసేపు ఆవిడను ఎగాదిగా చూసి, లోపలికి వెళ్లి కుర్చీ తెచ్చి వేశాడు. తిరుగు బస్సులో మేడమ్, "అక్కడికెళ్లి ఆళ్లని అడక్కుండా ఆళ్ల గురించి రాయకు" అన్నారు. నేను బంగ్లాదేశ్ వెళ్లడానికి అనుమతి కోసం దరఖాస్తు పెట్టాను. దాని మీద గైడ్ సంతకం కావాలి. నెలల తరబడి ప్రొఫెసర్ గారి గది చుట్టూ తిరిగాను. "అన్నీ నెట్‌లో ఉంటాయి కదమ్మా" అనేవారు. గడువు దాటిపోయింది, సంతకం పడలేదు.

ఈలోగా ఒక మాజీ రాయబారి వచ్చి మా డిపార్ట్‌మెంట్‌లో ఉపన్యాసం ఇచ్చారు. ప్రశ్నలు అడగమంటే మేడమ్ లేచి, "మీరు సంతకాలు పెట్టేముందు మా జిల్లాల వాళ్లను ఒక్కరినైనా అడిగారా?" అన్నారు. మంచి ప్రశ్న అని ఆయన మంచినీళ్లు తాగారు. ఆ వేసవి తర్వాత అందరి కాంట్రాక్టులూ పొడిగించారు, ఆవిడది తప్ప. పనిభారం తగ్గిందన్నారు. నెల తిరక్కుండా అదే పేపరు చెప్పడానికి మరొకరిని తెచ్చుకున్నారు. ఇంతకంటే సిగ్గులేని పని నేను చూడలేదు. ఆవిడ పాతపట్నం వెళ్లిపోయి ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంటర్ పిల్లలకు సివిక్స్ చెప్పుకున్నారు. నా అధ్యాయాలు మాత్రం అక్కడి నుంచే దిద్ది పంపేవారు.

వైవా రోజు వచ్చింది. మా దగ్గర వైవా అంటే సగం పరీక్ష, సగం పెళ్లి. పరీక్షకులకు శాలువాలు, దండలు, భోజనాలు అన్నీ స్కాలరే చూసుకోవాలి. వైవా బహిరంగంగా జరుగుతుంది కాబట్టి ఎవరైనా రావచ్చు, ఎవరైనా అడగవచ్చు. మేడమ్ బస్సు దిగి వచ్చి చివరి వరసలో కూర్చున్నారు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు నాలుగు ప్రశ్నలు వేసి, బాగుందన్నారు. సభలో ఎవరైనా అడుగుతారా అన్నారు. మేడమ్ లేచారు.

"మా వైపు రైతులు, కార్మికులు మీ థీసిస్ నిండా మాట్లాడారు. అవతలి దేశం రైతు ఒక్కరు కూడా మాట్లాడలేదు. ఎందుకు?"

అది నా థీసిస్‌కు గుండెకాయ లాంటి ప్రశ్న. ప్రొఫెసర్ గారు వెంటనే, "ఆవిడ ఇప్పుడు మన స్టాఫ్ కాదండి" అన్నారు. పరీక్షకుడు మాత్రం, "ప్రశ్న మంచిదే కదా, చెప్పమ్మా" అన్నారు. పరిశోధన పరిమితులు, సమయాభావం అని ఎవరైనా చెప్పే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మేడమ్ నా వైపే చూస్తున్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. వెళ్దామనే అనుకున్నానని, దరఖాస్తు ఇచ్చానని, గైడ్ గారు సంతకం పెట్టలేదని. డిగ్రీ ఇచ్చారు. ఫోటో దిగేటప్పుడు ప్రొఫెసర్ గారు నా పక్కన నిలబడలేదు.

శాలువాల తంతు ముగిసేసరికి చివరి వరస ఖాళీ. భోజనానికి కూడా ఆగకుండా వెళ్లిపోయారు. పరుగెత్తుకుంటూ వెళితే గేటు బయట బస్సు కోసం నిలబడి ఉన్నారు.

"అంత ప్రశ్న నన్నే అడగాలా మేడమ్?"

"నిన్ను కాపోతే ఎవుల్ని అడుగుతాను? ఆ లోటు నీది కాదని నీ నోటితో సెప్పించాను. లేపోతే రేపు నీ నెత్తినే రుద్దుతారు."

"కృతజ్ఞతల పేజీలో అందరికంటే ముందు మీ పేరే రాశాను" అన్నాను, ఏడుపు ఆగక.

"సూసాను. అది లోపల పేజీ. అట్ట మీద ఎవులి పేరున్నాదో కూడా సూసాను. నాకు బాధ లేదంటే అబద్ధమే, శానా బాధగా ఉన్నాది. నువ్వేడిస్తే అది తీరదు. ఏడవకు, కోప్పడు. ఆ కోపం పారేసుకోకు" అన్నారు. బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీ లోంచి నన్ను తిట్టినట్టుగా చెయ్యి ఊపి లోపలికి పొమ్మన్నారు.

మరుసటి ఏడు జబ్బు చేసి పోయారు. యూనివర్సిటీలో సంతాప సభ పెట్టారు. ప్రొఫెసర్ గారే అధ్యక్షత వహించి, సింహాద్రమ్మ గారు పదవులు ఆశించకుండా నిస్వార్థంగా సేవ చేశారన్నారు. ఆశించకపోవడమా! ప్రతి నోటిఫికేషన్‌కూ దరఖాస్తు పెట్టిన మనిషి ఆవిడ. ఇవ్వాల్సింది ఇవ్వకుండా ఎగ్గొట్టి, దానికి సేవ అని పేరు పెట్టి దండ వేశారు. సభ మధ్యలోనే లేచి వచ్చేశాను.

ఆ తర్వాత మరో యూనివర్సిటీలో రెగ్యులర్ పోస్టుకు ఇంటర్వ్యూకి వెళ్లాను. లోపల సబ్జెక్టు నిపుణుడిగా మా ప్రొఫెసర్ గారే కూర్చుని ఉన్నారు. వైవా సంగతి మరిచిపోయాను లే అన్నట్టు చిన్నగా నవ్వారు కూడా. అధ్యక్షుడు మా లోకంలో అందరూ మొదట అడిగే ప్రశ్నే అడిగాడు: "ఎవరి దగ్గర చేశారమ్మా పీహెచ్‌డీ?" ఒక్క పేరు చెబితే చాలు, ఆ పేరు గల మనిషి ఎదురుగానే ఉన్నాడు. ఇంట్లో ఆ ఉద్యోగం మీద ఎన్ని ఆశలున్నాయో నాకు తెలుసు.

"సింహాద్రమ్మ గారి దగ్గరండి."

ఆయన నా కాగితాలు తిప్పి, "ఇక్కడ వేరే పేరుందే?" అన్నాడు.

"ఆ పేరు తప్పండి" అన్నాను.

ఆ ఉద్యోగం రాలేదు. ఇప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు మీదే చెబుతున్నాను. ఎవరి దగ్గర చేశారని ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు, నేను ఆ పేరే చెబుతూ ఉంటాను. ఎప్పుడూ వినలేదే అంటారు. వినపడకుండా చేశారు, అందుకే చెబుతున్నాను అంటాను.