ఎర్తు తీసిన పాటపెట్టె

కొంచెం ఇటు జరగండి. అంత దూరంలో కూర్చుంటే ఈ సంగతి సగమే మీకు చేరుతుంది. చేతిలో ఏ పని ఉన్నా చేసుకుంటూనే ఉండండి, చెవి మాత్రం నాకివ్వండి. ఇది గొంతెత్తి చెప్పే సంగతి కాదు.

మాది శంషాబాద్ దగ్గర సాతంరాయి. మా ఆయనకు మైకుసెట్టు పని. పెళ్లిళ్లకు, బోనాలకు, గణపతి పందిళ్లకు గొట్టాలూ బాక్సులూ కిరాయికి ఇచ్చేవాడు. విమానాశ్రయం వచ్చాక రోడ్డు పొడుగునా ఫంక్షన్ హాళ్లు లేచాయి. వాటికి డీజేలు వచ్చాయి. మా సామాను మెల్లమెల్లగా ఇంటి మూలకు చేరింది. పందిరి పనులు తగ్గాక మా ఆయన ఇంట్లోనే కూర్చుని పాత పెట్టెలు విప్పడం, బిగించడం మొదలుపెట్టాడు.

మా మామకు షుగరు వచ్చి చూపు పోయింది. వెలుగు, నీడ తెలిసేవి, అంతే. అయినా ఎవరినీ చేయి పట్టమనేవాడు కాదు. గోడ తడుముకుంటూ ఇల్లంతా తిరిగేవాడు. గడప ఎక్కడ, నీళ్ల గోలెం ఎక్కడ, దేవుని గూడు ఎక్కడ, అన్నీ ఆయన అరచేతికి తెలుసు. చూపున్న రోజుల్లో భజనలో పాడేవాడు. ఒక శనివారం భజనను మా ఆయన క్యాసెట్టులోకి ఎక్కించాడు. అందులో పాడిన వాళ్లు కొందరు తర్వాత పోయారు. చూపు పోయాక ఆ క్యాసెట్టే మామకు తోడు.

కొత్వాల్‌గూడ పక్కన ఎవరిదో తోట బంగళా చేతులు మారుతుంటే, అక్కడి పాత సామాను తీసుకుపొమ్మని మా ఆయనకు కబురొచ్చింది. రెండు పాత ఆంప్లిఫయర్లను గోనెసంచుల్లో చుట్టుకుని ఆటోలో తెచ్చాడు. ఇంట్లో మా మైకుసెట్టుది ఎలాగూ ఉంది. మూడింటినీ వరసగా పెట్టి, అదే క్యాసెట్టు, అవే బాక్సులు, ఒక్కోదానికి తగిలించి తండ్రికి వినిపించాడు.

ముందు మైకుసెట్టుది పెట్టాడు. పాట మొదలైందో లేదో మామ చేయి అడ్డం పెట్టాడు.

"ఆపు బిడ్డా, ఆపు. డప్పు కొట్టి చాటింపు ఏసినట్టుంది. నేను ఇంట్ల ఉన్ననా, జాతర్ల ఉన్ననా?"

రెండోది వెండి ముఖంతో, మెరిసే గుబ్బలతో చూడ్డానికి బంగారంలా ఉంది. నొక్కగానే పాట వచ్చింది. మామ తల పక్కకు వంచి చాలాసేపు విన్నాడు.

"తాళాలు సూదుల్లెక్క గుచ్చుతున్నయి. మనుషులు యాడున్నరు ఇందుల?"

"పాడుతుండ్రు గద బాపు."

"పాడుతుండ్రు. అద్దం అవతల నిలబడి పాడుతుండ్రు."

మూడోది బరువు. చెక్క పక్కలు, పైన ఇనుప జాలీ, లోపల గాజు బుడ్లు. వాటిని వాల్వులంటారు. అవి ఎర్రగా కాలితేగాని గొంతు రాదు. ఎర్రదనం కనబడదు కాబట్టి మామ జాలీ మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు, పొయ్యి మీది పాలు కాగాయో లేదో చూసినట్టు. జాలీ వెచ్చబడింది. పాట వచ్చింది. ఆయన ముఖం నేను చూస్తూనే ఉన్నాను. మడతలన్నీ విచ్చుకున్నాయి.

"ఇగో, ఇగో, ఊపిరి తీస్తుండు సూడు! మీది చరణం ఎత్తుకునే ముందు గిట్లనే తీస్తుండె. నా పక్కనే కూసున్నడు!"

మద్దెల వాయిస్తూ పాడే తన దోస్తు గురించి అంటున్నాడు. ఆయన పోయి అప్పటికి చాలా కాలం.

అయితే ఆ పెట్టెకు ఒక జబ్బు ఉంది. పాట వెనక ఎవరో పిండిగిర్ని తిప్పుతున్నట్టు ఒకటే గుయ్యి. పాట గట్టిగా ఉన్నప్పుడు తెలియదు. ఊపిరి దగ్గరికి వచ్చేసరికి ఆ గుయ్యి వచ్చి ఊపిరిని మింగేసేది. మామ మళ్లీ వెనక్కి తిప్పించేవాడు, మళ్లీ అక్కడే పోయేది.

"దీనికి మందు నాకు తెల్సు," అని మా ఆయన కటింగ్ ప్లేయరు తీశాడు. మూడు పిన్నుల ప్లగ్గును కోసి పారేశాడు. దారి తప్పిన కరెంటును నేలలోకి దింపే ఎర్తు వైరును వెనక్కి మడిచి టేపు చుట్టాడు. మిగిలిన రెండు వైర్లను బోర్డు రంధ్రాల్లో పెట్టి, ఊడిపోకుండా రెండు అగ్గిపుల్లలు దోపాడు. గుయ్యి పోయింది.

మైకుసెట్టు వాళ్లందరిదీ అదే పద్ధతి. పందిట్లో ఎర్తు ఎవరూ వెతకరు. పాత పెట్టెల్లో కరెంటు కొంచెం కొంచెం పైరేకులోకి కారుతుంటుంది. వైర్లు ఒక తీరున పెడితే పైకి తెలియదు, తిప్పి పెడితే ముట్టుకున్నవాణ్ణి కొడుతుంది. అందుకని వాళ్లు చేతి వెనక భాగంతో రేకును తాకి చూస్తారు. జుమ్మంటే రెండు వైర్లూ తీసి అటుది ఇటు, ఇటుది అటు పెట్టేస్తారు. చేతి వెనక భాగమే ఎందుకంటే, కరెంటు కొడితే వేళ్లు ముడుచుకుపోతాయి. అరచెయ్యి అయితే పట్టుకున్నది వదలదు.

మా ఆయన తాకి చూశాడు. "ఏం లేదు, నిమ్మళంగ ఉంది," అన్నాడు.

నాకు నిమ్మళం లేదు. తుక్కుగూడ దగ్గర మా పుట్టింటి పొలంలో, వానలో, మోటారు స్టార్టరు డబ్బాను ఆనుకుని మా బర్రె నిలబడ్డచోటే చచ్చిపోవడం నేను చిన్నప్పుడు కళ్లారా చూశాను. దాన్ని లాగబోయిన మా నాయినను మా అమ్మ నడుం పట్టి బురదలోకి పడేసింది. లేకపోతే ఆ రోజే నాకు నాయిన లేడు. అప్పటినుంచి స్విచ్చి వేయాలన్నా చెక్కపీట ఎక్కి నిలబడి వేస్తాను.

"ఏమయ్యా, మామ దాని మీద అరచెయ్యి పెడతడు గదా? ఆ ఎర్తు మళ్ల కలుపు," అన్నాను.

"నీకు కరెంటంటే దయ్యమే! నేనేమన్న కొత్తోన్నా? ఇన్నేండ్ల సంది చేస్తున్న."

"నువ్వు ఎనక చెయ్యితోని ముట్టుకుంటవు. మామ గట్ల కాదు గద."

"సూసిన గదనే. వైర్లు కదిపేదెవరు ఇంట్ల? నువ్వు దాని దిక్కే పోవు."

మామ కూడా నవ్వాడు. "కోడలు భయపడితే ఇంట్ల దీపం గూడ పెట్టనియ్యదు," అన్నాడు.

పోనీ రబ్బరు చెప్పులు వేసుకుని ముట్టుకోమని మామను అడిగాను. ఆయనకు కోపం వచ్చింది. పెట్టె ఉన్న అర్రలోనే దేవుని గూడు ఉంది. "దేవుని ముంగట చెప్పులేసుకొమ్మంటవా బిడ్డా?" అన్నాడు. గోనెసంచి మడిచి ఆయన కాళ్ల కింద వేసేదాన్ని. ఆయన కాలితో పక్కకు నెట్టేవాడు.

ఇక నా కాపలా మొదలైంది. పొద్దున స్నానం చేసి, చేతుల తడి కూడా సరిగా ఆరకుండా, మామ పెట్టె దగ్గరికి వచ్చేవాడు. ఆ వేళకు పొయ్యి మీద ఏది ఉన్నా వదిలేసి నేను వెళ్లేదాన్ని. ఆయన వచ్చేలోపే నా చేతి వెనక భాగంతో రేకును తాకేదాన్ని. తాకే ముందు కళ్లు మూసుకునేదాన్ని. ఏమీ లేదని తెలిశాక కూడా, ఆయన చెయ్యి జాలీ మీద ఉన్నంతసేపు ఆ చెయ్యినే చూస్తూ నిలబడేదాన్ని. పాట ఎలా ఉందో నాకు తెలిసేది కాదు. ఇంటి పైకప్పులో పాము దూరిందని తెలిశాక ఎవరికైనా నిద్ర పడుతుందా? నాకు ప్రతి పొద్దూ అలాగే ఉండేది.

ఒక సాయంత్రం గాలివాన కొట్టి మా వీధి స్తంభం దగ్గర వైర్లు తెగాయి. రాత్రంతా కరెంటు లేదు. పొద్దున లైన్‌మన్ వచ్చి వైర్లు కలిపి వెళ్లాడు. ఫ్యాను తిరిగింది. నేను వాకిట్లో బురద కడుగుతున్నాను. అర్ర కూడా అప్పుడే కడిగాను, ఇంకా ఆరలేదు. కరెంటు వచ్చిన సంబరంలో మామ స్నానం గదినుంచి నేరుగా పెట్టె దగ్గరికి పోయాడు. గుబ్బ తిప్పిన టక్కుమనే చప్పుడు నాకు వినబడింది.

స్తంభం దగ్గర వైర్లు అటుది ఇటు కలిసిపోయాయని మాకెవరికి తెలుసు? ఇంట్లో అగ్గిపుల్లలు కదలలేదు. కానీ బయట కరెంటే తారుమారైంది.

గడప దగ్గరికి వచ్చేసరికి మామ చెయ్యి జాలీ అంచుకు ముడుచుకుపోయి ఉంది. ఆయన అరవడం లేదు. పళ్ల మధ్యనుంచి సన్నగా ఒక మూలుగు. ఒళ్లంతా వణుకుతోంది. దొడ్లో ఉన్న మా ఆయనను నా ప్రాణమంతా పెట్టి పిలిచాను. సరిగ్గా అప్పుడే మా ఇంటి మీదుగా విమానం దిగుతోంది. నా అరుపు నాకే వినబడలేదు.

పట్టుకోవాలని చేయి చాచాను. అప్పుడు మా అమ్మ మా నాయినను బురదలో పడేసిన తీరు కళ్ల ముందుకొచ్చింది. చేయి వెనక్కి తీసుకున్నాను. పక్కనే చెక్కపీట ఉంది. దాన్నెత్తి బోర్డు దగ్గర వైరు మీద కొట్టాను. అగ్గిపుల్లలతో నిలబెట్టిన వైర్లే కదా, ఒక్క దెబ్బకు ఊడివచ్చాయి. మామ గోడకు జారగిలపడ్డాడు.

విమానం పోయింది. కాసేపటికి ఆయన పెదవులు కదిలాయి.

"పాట రాలేదేందమ్మా?" అన్నాడు.

శంషాబాద్ దవాఖానలో సాయంత్రం దాకా ఉంచుకుని, గుండె చూసి పంపారు. అరచేతిలో పొక్కులు లేచాయి. మా ఆయన ఆ రోజు అన్నం ముట్టలేదు. మర్నాడు పెరట్లో గుంత తవ్వి, బొగ్గూ ఉప్పూ పోసి, ఇనుప కడ్డీ పాతి, అక్కడినుంచి కొత్తగా ఎర్తు లాగాడు. పెట్టెను శంషాబాద్‌లోని రేడియో మెకానిక్కు దగ్గరికి తీసుకుపోయి, లోపల కరెంటు కారుతున్న కండెన్సరును మార్పించి, మూడు పిన్నుల ప్లగ్గు బిగించాడు. గుయ్యి కొంత మిగులుతుందని మెకానిక్కు ముందే చెప్పాడట.

పెట్టె బాగుపడింది. మామ మాత్రం బాగుపడలేదు. ఆయనకు ముట్టుకోవడమంటేనే భయం పట్టుకుంది. గోడ తడమడం మానేశాడు, గోడకు బోర్డు ఉంటుందని. తలుపు ముట్టడు, గోలెం ముట్టడు. చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని మంచం మీదే కూర్చునేవాడు. నీళ్లు కావాలన్నా పిలవాలి, బయటికి పోవాలన్నా పిలవాలి. కళ్లు లేని మనిషికి చేతులు కూడా లేకుండా పోయాయి. ఇలాగే కూర్చుని కూర్చుని ఈయన లేవడం మరిచిపోతాడేమో అని నాకు కొత్త భయం పట్టుకుంది. ఈ భయం ముందు ఆ పాతది చిన్నదైపోయింది.

ఒక మధ్యాహ్నం మా ఆయన పని మీద పోయాడు. నేను పెట్టె పెట్టాను. అది గుయ్యిమంటూ మొదలైంది. మామ మంచం మీద ముడుచుకున్నాడు.

"ఎవరు పెట్టిన్రది? తీసెయ్యి బిడ్డా."

"నేనే మామా. లే, ఇటు రా."

మా ఇళ్లలో కోడలు మామను తాకదు, ఎదురుగా కూర్చోదు. ఆ రోజు నేను ఆయన చేయి పట్టుకుని లేపాను. ఆ చెయ్యి నా చేతిలో కోడిపిల్లలా కొట్టుకుంది. పెట్టె దగ్గరికి తీసుకొచ్చి, ముందు నా అరచెయ్యి జాలీ మీద పెట్టాను. నేను అరచెయ్యి ఆనించడం అదే మొదటిసారి. ఆయన చేతిని తెచ్చి నా చేతి మీద పెట్టుకున్నాను, పెట్టె మీద కాదు.

"కాలుతుందా?" అన్నాడు.

"ఎచ్చగుంది. కొడతలేదు."

పాట వచ్చింది. ఊపిరి దగ్గర గుయ్యి కొంచెం అడ్డం వచ్చింది. ఈసారి ఆయన వెనక్కి తిప్పించలేదు. ఎన్నడూ అడగనిది అడిగాడు.

"నీకెట్ల ఇనపడ్తుంది బిడ్డా, ఈ పెట్టె?"

"నాకు పాట ఎన్నడు ఇనపడలే మామా. నాకు భయమే ఇనపడ్తది."

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"నాగ్గూడ అంతే," అన్నాడు. "అయినా జరసేపు ఉండనియ్యి."

క్యాసెట్టు ఒక పక్క అయిపోయేదాకా అలాగే నిలబడ్డాం. తర్వాత ఆయన తన చేయి నా చేతి మీదనుంచి తీసి, గోడ మీద ఆనించి, ఒక్కో అడుగు వేసుకుంటూ మంచం దాకా తానే నడిచాడు. మధ్యలో బోర్డు దగ్గర ఆగాడు. చేయి ఎత్తి, దాన్ని దాటించి, అవతల మళ్లీ గోడ పట్టుకున్నాడు. నేను చూస్తూ నిలబడ్డాను గాని, చేయి మాత్రం అందించలేదు.

ఇంతవరకు నా పక్కన కూర్చున్నారు కదా, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ గోడలు మీ పెద్దల చేతులకు చుట్టాల్లా ఉండాలి. మీ ఇంట్లో పాట ఆగిన రోజున, మళ్లీ పెట్టడానికి వణికే చేయి అయినా సరే, ఒక చేయి ఉండాలి.