తాత గాలాల డబ్బాలో దొరికిన ఎర

ఇది ఇందాకే జరిగింది, హడావిడిగా రాస్తున్నాను. టైపింగులో తప్పులుంటే సర్దుకోండి.

పోయిన మా తాత గాలాల డబ్బా నాకొచ్చింది. అందులో వేలెడంత అల్యూమినియం గొట్టం, దానికి రెండు తీగలు. చేపపిల్లలా మెరిసి పెద్ద చేపను మోసం చేసే ఎర అనుకున్నాను. రొయ్యల గుంటల దగ్గర మోటార్లు బాగుచేసేవాణ్ణి, డ్రిల్లు నా దగ్గరే ఉంది; దాంతో బొక్క వేసి గాలం తగిలిద్దామనుకున్నాను. ముందు అది ఏ చేపకు వాడేదో కనుక్కుందామని జేబులో వేసుకుని, మైపాడు ఒడ్డున వల కుట్టుకుంటున్న పోలయ్య మామ దగ్గరికి బండి మీద వెళ్లాను.

జేబులోంచి తీసి చూపించగానే ఆయన వల వదిలేసి లేచాడు.

"దాన్ని కదిలించబాక అబ్బయా! మెల్లంగా ఇసకలో పెట్టి ఇట్టా రా."

ఇసకలో పెట్టి పక్కకొచ్చాను. "ఏంది మామా, ఎరే గదా?"

"ఎరంట ఎర! పేలుడు మందు తూటాని పేల్చే డిటోనేటర్ రా అది. మీ తాత నీళ్లల్లో తూటాలేసి చేపలు పట్టేవోడు. ఆయన వేళ్లు ఎట్ట పోయినాయనుకున్నావు?"

సొరచేప కొరికిందని మా ఇంట్లో చెప్పారు. దారంతా బండి గుంతల్లో ఎగిరినప్పుడల్లా అది నా తొడకు తగులుతూనే ఉందని గుర్తొచ్చి వెంటనే పోలీసులకు ఫోన్ చేశాను. వాళ్లొచ్చి దాన్ని తీసుకుపోయాకే బండి తీశాను.

ఇంటికొచ్చి అమ్మ మీద అరిచాను. "పోయిన మనిషి పరువు ఎందుకు తియ్యాలని చెప్పలా" అంది.

పోయిన మనిషి పరువు కోసం, ఉన్న మనిషి చెయ్యి పోయినా పర్లేదన్నమాట! మీ ఇళ్లల్లో ఏ సొరచేప కథలు చెప్పారో మీరూ చెప్పండి.