పెద్దమ్మ పెరట్లో పార్కింగ్

పోయిన నెల ఒక గురువారం పొద్దున మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. 'గ్రౌండ్ ఫ్లోర్ ఆంటీ ఈ ఉదయం కాలం చేశారు. ఓం శాంతి.' నేను చదివేలోపే దాని కింద జోడించిన చేతులు వరుస కట్టాయి. పది నిమిషాలైనా గడవకముందే ఇంకెవరో 'గేటు ముందు తెల్ల కారు ఎవరిది, వెంటనే తీయండి' అని పెట్టారు.

ఫోను మంచం మీదికి విసిరేశాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపమే. ఇది రాస్తున్నప్పుడు కూడా తగ్గలేదు. పోయినవారి గురించి మెత్తగా రాయాలంటారు. నాకు చేతకావడం లేదు. చదివేవాళ్లు మన్నించాలి.

నేను ఆవిడను పెద్దమ్మ అనేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. మాది తెనాలి దగ్గర, ఆవిడది వికారాబాద్ వైపు పల్లె. ఫిల్మ్ నగర్‌లో రాళ్లు తప్ప ఏమీ లేని రోజుల్లో భర్తతో వచ్చి రెండు గదుల రేకుల ఇల్లు కట్టుకుంది. స్టూడియోల్లో కాస్ట్యూమ్ డిపార్ట్‌మెంటులో ముప్ఫై ఏళ్లు పని చేసింది. హీరోయిన్ల జాకెట్లకు హుక్కులు కుట్టడం, డాన్సర్ల గౌన్లకు ఊడిన చమ్కీలు అతకడం ఆవిడ పని. భర్త పోయాక స్థలం బిల్డరుకిస్తే ఈ ఐదంతస్తులూ లేచాయి. ఆవిడకు కింద ఒక ఫ్లాటు, దాని వెనక పెరడు. పెరటి సంగతి కాగితం మీద లేదు. "అది మీదే అమ్మా, ఎవరూ ముట్టరు" అని బిల్డరు నోటిమాటగా అన్నాడు. ఆవిడ నమ్మింది.

ఆ పెరడు మీరు చూసి ఉండాల్సింది. శివరాత్రి దాటేసరికి పందిరి నిండా బీర పూలు. సొర తీగ వెనకనున్న కొండరాయి మీదికి పాకేది. పొట్లకాయలు వంకర పోకుండా ఒక్కోదాని కొసకు చిన్న రాయి కట్టి వేలాడదీసేది. గోడ వారగా వంగ, టమాటా. మూలన బొప్పాయి, నిమ్మ. పందిరికి తాళ్లకు బదులు పాత డాన్సు డ్రెస్సుల పీలికలు కట్టేది. పొద్దుటెండ పడితే చమ్కీలతో పందిరంతా తళతళలాడేది.

పై అంతస్తుల వాళ్లం బియ్యం కడిగిన నీళ్లు ఆవిడ గుమ్మం దగ్గరి బకెట్లో పోయాలి. అది రూలు. మరిచిపోతే కింద నుంచి కేక వినిపించేది. "ఏందమ్మా, ఇయ్యాల మీ ఇంట్ల అన్నం వండలేదా?" పిందెను ఎవరైనా వేలితో చూపిస్తే చేతి మీద ఒక్కటి వేసేది. "వేలు ముడిచి చూపియ్యి. మురిగిపోతది."

నేను డబ్బింగ్ చెబుతాను. తెర మీద హీరోయిన్ ఏడ్చినా అరిచినా ఆ గొంతు నాలాంటి వాళ్లది. నాలుగేళ్ల క్రితం గొంతులో చిన్న బుడిపె లేచింది. నెల రోజులు నోరు తెరవొద్దన్నారు డాక్టరు. పని పోతుందేమోనని భయం. సైగలతో ఇంట్లో అందరికీ విసుగు. ఒక సాయంత్రం పలక పట్టుకుని పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడకు చదవడం రాదు. పలక తీసి గోడకు ఆనించి, "మాట్లాడకు. ఈడ మాట్లాడే పనేం లేదు. రా" అని నా చేతిలో ఒక సొర పువ్వు పెట్టింది.

సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. వెనక చిట్టి పిందె ఉన్నది ఆడ పువ్వు. మగ పువ్వును తెంపి మెల్లగా దానికి తాకించాలి. "ఈ గుట్ట మీద తేనెటీగలు తక్కువైనయి బిడ్డా. వాటి పని మనమే చేయాలె" అంది. నెల రోజులు ప్రతి సాయంత్రం ఆ పనే చేశాను. నేను తాకించిన పూలలో చాలావరకు కాయలైనాయి. నా గొంతూ తిరిగొచ్చింది. మొదటి మాట ఆవిడతోనే మాట్లాడాను.

ఆ గొంతుతో నేనేం చేశానో కూడా చెప్పాలి.

నిరుడు మాఘంలో అసోసియేషన్ మీటింగ్ పెట్టారు. ముగ్గురికి పార్కింగ్ లేదు, పెరడును చదును చేసి సిమెంటు పోయిద్దాం అన్నారు ప్రెసిడెంటు గారు. ఆ ముగ్గురిలో నేనూ ఒకదాన్ని. కారు కొని మూడు నెలలైంది.

"అది కామన్ ఏరియా అమ్మా. మీదని పేపర్ ఏమైనా ఉందా?" అని అడిగారాయన.

"పేపరేంది సారూ? ఈ జాగ నాది. నేనిస్తెనే గదా మీరంతా పైన ఉన్నరు."

"సెంటిమెంట్ వేరు, రూల్ వేరు."

పెద్దమ్మ నా వైపు చూసింది. నేను సంతకాల కాగితం వైపు చూశాను. రోజూ మైకు ముందు ఎవరెవరి కోపాన్నో పలికే నోరు ఆ రోజు పెగల్లేదు. సంతకం పెట్టాను.

"సరే, ఉగాది దాకన్న ఆగుండ్రి. తీగలన్ని పిందె మీదున్నయి" అంది ఆవిడ. "ష్యూర్, ష్యూర్" అన్నారు ప్రెసిడెంటు గారు.

ఆగలేదు. ఉగాదికి పన్నెండు రోజుల ముందు, పెద్దమ్మకు కంటి శుక్లం ఆపరేషన్. మోతీనగర్‌లో ఉండే కూతురు పొద్దున్నే వచ్చి బంజారా హిల్స్‌లోని ఆస్పత్రికి తీసుకెళ్లింది. వాళ్లు గేటు దాటిన గంటకే కూలీలు దిగారు. రికార్డింగ్‌కు వెళ్తూ చూశాను. పందిరి గుంజలు పీకుతున్నారు. ఆపండి అని ఒక్క మాట అనొచ్చు. వచ్చాక మాట్లాడదాంలే అనుకుని వెళ్లిపోయాను.

సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి ఆవిడ నల్ల కళ్లద్దాలతో పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎదురుగా తడి సిమెంటు. పక్కన కూతురు ఆవిడ చెయ్యి పట్టుకుని ఉంది.

"కండ్లు మంచిగ చేపిచ్చుకొని వస్తి. గిది చూసెటందుకేనా?"

ఎవరినీ ఉద్దేశించి అనలేదు. గేటు బయట తీగలన్నీ కుప్ప పోసి ఉంటే అక్కడికి వెళ్లింది. వంగొద్దన్నాడు డాక్టరు, వద్దమ్మా అని కూతురు బతిమాలుతూనే ఉంది. వంగి, నలగని పిందెలన్నీ కొంగులోకి ఏరుకుంది. మర్నాడు ఇంటింటికీ తానే తెచ్చి పంచింది. నా గుమ్మం ముందుకొచ్చినప్పుడు నాకు చేయి చాపడానికి సిగ్గేసింది.

"నన్ను తిట్టు పెద్దమ్మా" అన్నాను.

"తిట్టాలనే ఉంది. ముందు ఇవి వండుకో, వాడిపోతయి."

ఆవిడ క్షమించిందని రాసి నా బరువు దించుకోను. క్షమించలేదు. గుమ్మం దగ్గరి బకెట్ తీసేసింది. ప్రెసిడెంటు గారితో మళ్లీ మాట్లాడలేదు. నాతో అడిగిన దానికి జవాబు, అంతే. కొత్త కళ్లతో ఏడాదిపాటు వరండాలో కూర్చుని కార్ల బానెట్లు చూసింది. గుండె ఆగిపోయిందన్నారు. ఈ సిమెంటు వల్లే పోయిందని నేననను. వయసుంది, జబ్బుంది. కానీ ఆ చివరి వసంతం ఆవిడకు రావలసింది. దాన్ని మేం తీసుకున్నాం.

పదకొండో రోజు లిఫ్టు దగ్గర సంతాప సభ. "ఆంటీకి మొక్కలంటే ప్రాణం" అన్నారు ప్రెసిడెంటు గారు. "అందుకే ఈ లిఫ్టు పక్కన ఆర్టిఫిషియల్ గ్రాస్ పరిచి, పైన ఆవిడ ఫోటో పెడదాం. మెయింటెనెన్స్ కూడా ఉండదు."

నాకు ఒళ్లు మండిపోయింది. "ప్లాస్టిక్ గడ్డా? ఆవిడ పేరు మీద? పిందె మీదున్న తీగలు పీకించి, ఇప్పుడు ప్లాస్టిక్ గడ్డి వేస్తారా?" నా గొంతు సెల్లార్ దాకా వినిపించి ఉంటుంది.

"మీరు కూడా సంతకం పెట్టారు కదండీ" అన్నారాయన నెమ్మదిగా.

"పెట్టాను. మీ అందరి మీద కంటే నా మీదే ఎక్కువ కోపంగా ఉంది. ఆ సిమెంటు పగలగొట్టిద్దాం, చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. గ్రూపులో అన్ని చేతులు జోడించిన వాళ్లే.

మర్నాడు ఒక మేస్త్రీని పిలిచి పెరట్లో నా కారుకు రాసిచ్చిన చోటు వరకు పగలగొట్టించాను. ప్రెసిడెంటు గారు నోటీసు అంటించారు. చింపేశాను. కంకరంతా ఏరి, రెండు బస్తాల పశువుల ఎరువు కలిపి బీర గింజలు నాటాను. ఆవిడ గింజలు కావు. ఆవిడ దాచినవన్నీ ఎటు పోయాయో కూతురికీ తెలియదు. ఎర్రగడ్డలో కొన్న పొట్లం. ఆలస్యంగా నాటాను, ఎండలు ముదిరిపోయాయి, కాస్తాయో లేదో చెప్పలేను.

కారు ఇప్పుడు రోడ్డు మీద, కానుగ చెట్టు కింద ఉంటోంది. ఈ పొద్దున అద్దం నిండా కానుగ పూలు రాలి ఉన్నాయి. తుడవడానికి గుడ్డ తీశాను. మళ్లీ లోపల పెట్టేసి, వాటి మధ్య సందులోంచి రోడ్డు చూసుకుంటూ బయల్దేరాను. మలుపు దగ్గర గాలికి ఒక్కొక్కటే ఎగిరి వెనక్కి పోతున్నాయి.