ఎడంచెయ్యి ఖాళీ లేని బ్యాక్‌హ్యాండ్

ఒంటిచేత్తో బ్యాక్‌హ్యాండ్ కొట్టేవాళ్లు టెన్నిస్‌లో తగ్గిపోతున్నారని మొన్న పేపరులో చదివాను. మనవలు పుట్టాక అక్షరాలు దిద్దినదాన్ని కనుక ఒక్కో మాట కిందా వేలు పెట్టుకుని చదువుతాను. ఆ వార్త పూర్తయ్యేలోపే నా కుడిచెయ్యి రాకెట్ పిడి పట్టుకున్నట్టు ముడుచుకుంది.

మా నాన్న బందరులో ఒక క్లబ్బుకి మార్కరు. అంటే రోలర్‌తో కోర్టు చదును చేసి, సున్నం గీతలు గీసి, జోడీ దొరకని పెద్దమనుషులతో ఆడే మనిషి. వాళ్లు రాకముందు పొద్దున్నే నాతో ఆడేవాడు. బ్యాక్‌హ్యాండ్‌కి, అంటే ఎడమవైపొచ్చే బంతికి, అరచేతిని పిడి పైకి తిప్పి, చూపుడువేలి మొదలు పిడి మీదికి వచ్చేలా పట్టుకోవాలి. అలా తిప్పేది ఎడంచెయ్యి, రాకెట్ మెడ దగ్గర పట్టుకుని. మన కాలపు ఆడపిల్లల ఎడంచెయ్యి పరిగెత్తేటప్పుడు లంగా ఎత్తిపట్టుకోవడంలోనే ఉండేదని మీకు చెప్పక్కర్లేదు. అందుకని నాన్న నాకు సుత్తి పట్టుకున్నట్టు, అటూ ఇటూ మార్చక్కర్లేని ఒకే పట్టు ఖాయం చేశాడు. దాంతో ఎడమవైపు బంతి ప్రతిసారీ గాల్లోకి లేచిపోయేది. దోసె తిరగేస్తున్నావా అని, నా కాళ్లు కనబడకుండా చూడ్డానికి వెంటొచ్చే మేనత్త నవ్వేది.

ఒకసారి మా క్లబ్బు ఆడవాళ్లు గుడివాడ వెళ్లి అక్కడి ఆడవాళ్లతో పోటీ పెట్టుకుంటే, మా క్లబ్బు ప్లీడరుగారి భార్యకు జోడీగా ఆడాల్సినావిడకు జ్వరం వచ్చి, నన్ను పంపమని నాన్ననడిగారు. బాగా ఆడితే ఇక రోజూ వాళ్లతో ఆడనిస్తారు, లేదంటే నా ఆట ఆ పొద్దుటిపూటతోనే సరి. వాళ్లు నా ఎడమవైపే కొట్టి మొదటి సెట్ గెలిచేశారు.

ప్లీడరుగారి భార్య నా దగ్గరికొచ్చి, “ఆ చెయ్యి లంగాకిచ్చావా, ఆటకిచ్చావా అమ్మాయ్?” అంది.

మా అమ్మ దివిసీమ మనిషి. నాట్లకు దిగేముందు చీర మోకాళ్ల దాకా ఎగదోపుకునేది. నేనూ అలాగే లంగా దోపేశాను. చుట్టూ కుర్చీల్లో గుసగుసలు లేచాయి, నాన్న తల తిప్పుకుని అక్కడి రోలర్ వైపు చూశాడు. తరవాత బంతికి ఎడంచెయ్యి రాకెట్‌ని తిప్పింది, కుడిచెయ్యి పిడి పైకెక్కింది, బంతి నెట్‌ని రాసుకుంటూ వెళ్లి మూలన పడింది. మిగతా రెండు సెట్లూ మావే.

తిరిగొచ్చే బస్సులో నాన్న “రేపట్నించి అలాగే దోపుకో. మీ మేనత్తకి నేను చెప్తాలే” అన్నాడు.

ఇప్పుడు బందరులో ఆడపిల్లలు నిక్కర్లేసుకుని, రెండుచేతులతో బ్యాక్‌హ్యాండ్ బాదుతుంటే నా కళ్లు చల్లబడతాయి. ఏ నాన్నా ఎవరికీ నచ్చజెప్పక్కర్లేదు. ఒక్క చెయ్యి విడిపించుకోవడానికి మాకెంత ఆట పట్టిందో వాళ్లకు చెబుదామనుకుంటాను. ఇంతలో వాళ్ల బంతి నెట్ దాటేస్తుంది.