తువ్వాలు కింద ఓటు

చేపల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్లు బిగించడం, చెడితే బాగుచేయడం నా ఉద్యోగం. ఉండేది ఏలూరులో. మండవల్లి వైపు ఒక ఊళ్ళో చెరువుల యజమాని ఒకాయన మేత గోడౌను పక్కనున్న గది వాడుకోనిచ్చారు. ఆదివారం పొద్దున్న అక్కడ ఏడుగురు పిల్లలకు లెక్కలు, సైన్సు చెబుతాను.

వాటితోపాటు ఇంకొకటి కూడా నేర్పాలని మొదటినుంచీ పట్టుదల. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు చదివేటప్పుడు ఏ ప్రాజెక్టు టీములో చూసినా ఒకటే తీరు. ముందుగా, గట్టిగా ఎవడు మాట్లాడితే వాడి మాటే అందరి నిర్ణయం. మిగతావాళ్ళం తలలూపి, తర్వాత హాస్టల్లో గొణుక్కునేవాళ్ళం. ఈ పిల్లలకు ఆ అలవాటు రాకూడదనుకున్నాను. అందుకే నెలకొకరిని నాయకత్వానికి పెట్టాను. నాయకుడి పనులు బోర్డు మీద రాశాను: ప్రతి ఒక్కరినీ అడగాలి, తన ఇష్టం చివర్న చెప్పాలి, ఓడినవాళ్ళను ఎవరూ వెక్కిరించకుండా చూడాలి. రాసేసరికి సగం పని అయిపోయిందనుకున్నాను. కాలేదు.

కొల్లేటి పక్షులను చూడడానికి వెళ్దామన్నప్పుడు అది తెలిసింది. వెళ్ళడానికి రెండు దారులు: పడవలో లోపలికి, లేదా గట్టు మీద సైకిళ్ళపై. ఆ నెల నాయకురాలు తొమ్మిదో తరగతి అమ్మాయి. చేతులెత్తమంది. ఎనిమిదో తరగతి కుర్రాడొకడు, మా గదిలో అందరికంటే పెద్ద గొంతు వాడిదే, ముందే చెయ్యెత్తి అరిచాడు.

"పడవే! సైకిళ్ళేసుకుని పోవడానికి మనమేమన్నా పాలకేంద్రానికి పోతున్నామా?"

అందరూ నవ్వారు. వాడి ముగ్గురు స్నేహితుల చేతులు లేచాయి. తర్వాత మిగతావాళ్ళు వాడి ముఖం చూసి ఒక్కొక్కరే ఎత్తారు. ఓట్లన్నీ పడవకే. ఒక్క మోటారు బెల్టుకు కట్టిన చక్రాల్లా తిరిగారు అందరూ.

అది లెక్కలోకి రాదన్నాను. చీటీలు రాయించాను. చీటీ విప్పగానే వాడు, "ఈ కోడిగీతలు ఎవరివో నాకు తెలుసులే" అన్నాడు. మూడో తరగతి పాప ముఖం ఎర్రబడింది. చీటీలూ పక్కన పెట్టేశాం.

అప్పుడు నాయకురాలు లేచింది.

"సార్, మా తాతయ్య ఎడ్ల బేరాలు చేసేవారండి. సంతలో ధర పైకి చెప్పరంట. చేతుల మీద తువ్వాలు కప్పుకుని, దాని కింద వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటారంట. పక్కనున్నోళ్ళకి తెలీదండి. మనమూ అలా చేద్దామా?"

నాకు నచ్చింది. నా తువ్వాలే ఇచ్చాను. ఆమె ఒక మూలన కూర్చుంది. ఒక్కొక్కరూ వెళ్ళి తువ్వాలు కింద చెయ్యి పెట్టాలి. ఆమెది ఒక వేలు పట్టుకుంటే పడవ, రెండు పట్టుకుంటే సైకిలు. పిల్లలకు అదొక ఆటయింది. అందరిదీ అయ్యాక, తన ఓటు కలుపుకుని ఆమె చెప్పింది.

"సైకిళ్ళకి నాలుగు. పడవకి మూడు."

గది భగ్గుమంది.

"మూడెలా అవుద్దే? మేం నలుగురం ఉన్నాం కదా!" అన్నాడు స్నేహితుల్లో ఒకడు. "నేను ఒక వేలే పట్టుకున్నా. నువ్వురా?"

"ఒకటే."

"నేనూ ఒకటే."

నాలుగోవాడు, ఆ పెద్ద గొంతు కుర్రాడు, కిందకి చూస్తూ "ఒకటే" అన్నాడు.

"చూశారా సార్!" అన్నాడు మొదట అడిగినవాడు. "అక్కకి సైకిలు మీద వెళ్ళాలనుంది. అందుకే అబద్ధం చెప్తోంది!"

ఆమెకు సైకిలే ఇష్టమని నాకూ తెలుసు. లెక్క ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. సరిచూసే రెండో మీటరు లేని యంత్రాన్ని నేనే ఒప్పుకున్నాను. దాని ఫలితం ఆమె అనుభవిస్తోంది. అబద్ధమనే ముద్ర పడితే ఆ పిల్ల ఇక ఈ గదిలో నోరు విప్పదు. విప్పినా ఎవరూ వినరు.

పక్కకు పిలిచి అడిగాను. "లెక్క సరిగ్గా చూశావా అమ్మా?"

"చూశానండి."

"మరి ఆ నలుగురిలో రెండు వేళ్ళు ఎవరు పట్టుకున్నారు?"

"చెప్పనండి."

"నాకొక్కడికే చెప్పు. నేను సర్దుతాను."

"మీకు చెప్తే మీరు వాణ్ణి చూసే చూపు మారిపోద్దండి. వాళ్ళకి తెలిసిపోద్ది." కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "తువ్వాలెందుకు కప్పాం మరి?"

సర్దడం నా పని కాదని అర్థమయింది. పెద్దవాణ్ణి కదా అని ఇప్పుడు తీర్పు చెబితే, గట్టిగా మాట్లాడేవాడి స్థానంలోకి నేను వెళ్ళినట్టే. కుర్చీలో కూర్చుని చేతులు కట్టుకున్నాను. ఆ పని నాకు సులువేమీ కాలేదు.

ఆమె ముఖం తుడుచుకుని వాళ్ళ మధ్యకు వెళ్ళింది.

"నా మీద నమ్మకం లేదు కదా. సరే, మళ్ళీ చేద్దాం. ఈసారి నేను పట్టుకోను." తువ్వాలు తీసి ఆ పెద్ద గొంతు కుర్రాడి చేతిలో పెట్టింది. "నువ్వు పట్టుకో."

"నేనా?"

"నువ్వే. పడవ పార్టీకి పెద్దోడివి నువ్వేగా. నువ్వు చెప్తే అందరూ నమ్ముతారు."

స్నేహితులు ఈలలు వేశారు. "ఇంకేం, పడవెక్కేసినట్టే!"

వాడు మూలకు వెళ్ళి కూర్చున్నాడు. ఒక్కొక్కరే వెళ్ళి వచ్చారు. చివరికి ఆమె కూడా వెళ్ళి చెయ్యి పెట్టింది. వాడు తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని మడత పెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడత పెట్టాడు. పడవ అని వాడంటే ఆ మాటే నిలుస్తుంది. ఆమె అబద్ధాలకోరుగా మిగులుతుంది. నేను నోరు తెరవకుండా కూర్చోవడానికి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకోవలసి వచ్చింది.

"సైకిళ్ళకి నాలుగు," అన్నాడు వాడు. ఆ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. "పడవకి మూడు. అక్క ఇందాక కరెక్టుగానే చెప్పింది."

"ఒరేయ్! మరి మనలో ఎవడ్రా రెండు వేళ్ళు పట్టుకుంది?" స్నేహితుడొకడు లేచాడు. "చెప్పరా, నీకు తెలుసుగా!"

"అది అడగకూడదు," అంది నాయకురాలు వాడికి అడ్డంగా నిలబడి. "ఇవాళ అడిగితే, ఇంకెప్పుడూ ఎవరూ నిజం చెప్పరు. నీకూ ఎప్పుడో ఒకరోజు అవసరం పడుద్ది."

వాడు నసిగాడు. "అయితే నా సైకిలుకి గాలి నువ్వే కొట్టాలి."

"నీ సైకిలుకే కాదు, పాప సైకిలుకి కూడా కొడతాను. నువ్వు మాత్రం దారంతా ఏడవకు."

తర్వాతి ఆదివారం గట్టు మీద వెళ్ళాం. అటూ ఇటూ చెరువులు, దూరంగా నీటి మీద గూడబాతులు. పెద్ద గొంతు కుర్రాడు గట్టు మధ్యనుంచి పక్కకు జరక్కుండా తొక్కుతున్నాడు. కాసేపటికి నా పక్కకు వచ్చాడు.

"సార్, రెండు వేళ్ళు నావేనండి. చిన్నప్పుడు చెరువులో పడ్డాను. పడవంటే నాకు కాళ్ళు వణుకుతాయండి. కొల్లేటి పక్కన పుట్టి నీళ్ళంటే భయమంటే ఏమంటారండి వీళ్ళు?"

"నాకెందుకు చెప్పావు?"

"అక్క చెప్పలేదు కదండి. ఎవరో ఒకరికి చెప్పాలనిపించింది."

ఆ తర్వాత తువ్వాలు పట్టుకునేవారు ప్రతిసారీ మారాలని, లెక్క ఇద్దరు వేర్వేరుగా చూడాలని నిబంధన పెట్టుకున్నాం. నెల తిరగ్గానే నాయకత్వం వాడికి వచ్చింది. మొదటి రోజే ఏదో అరవబోయి, సగంలో ఆగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మూడో తరగతి పాప వైపు తిరిగాడు.

"ముందు నువ్వు చెప్పు."

పాప ఆలోచించడానికి చాలా టైము తీసుకుంది. వాడు ఎదురుచూశాడు.